ఉల్టా అచ్చు

మట్టయ్య చెయ్యి వణకదని ఎల్బీనగర్ చౌరస్తాలో అందరూ చెప్పుకునేవాళ్లు. ముప్ఫయ్యేళ్లుగా బోర్డులు రాస్తున్నాడు. పెన్సిలు గీత గీసుకోడు, స్కేలు పెట్టడు. కుంచెను డబ్బా అంచుకు ఒకసారి తుడిచి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడంటే, బడిపిల్లలు ప్రార్థనకు నిలబడ్డట్టు అక్షరాలు వరసగా వచ్చి నిలబడేవి. ఇన్నేళ్లలో ఒక్క దీర్ఘం తప్పింది లేదు, ఒక్క ఒత్తు జారింది లేదు. "గీయన అన్నం కలుపుకున్నా ఒక్క మెతుకు పల్లెం దాటదు, గంత సాఫ్" అని భార్య అండాలమ్మ నవ్వేది.

ఫ్లెక్సీలు వచ్చాక బోర్డుల పని తగ్గింది. ఉద్యమం ఊపందుకున్నాక మాత్రం బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపించి టీజీ రాయించుకునేవాళ్లతో దుకాణం కొన్నాళ్లు కళకళలాడింది. ఆ రెండక్షరాలు ఎంత అలవాటయ్యాయంటే, పక్కవాడితో కబుర్లు చెబుతూనే రాసేసేవాడు. పని తప్పు లేకుండా జరిగిపోయేది. అందులో సంతోషం ఎప్పుడో ఆగిపోయింది. ఆగిందన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. సకల జనుల సమ్మె మొదలై బస్సులు డిపోల్లో నిలబడిపోయాయి. బడులు లేవు, ఆఫీసులు లేవు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మెట్ల మీద పిల్లలకు బదులు కుక్కలు పడుకున్నాయి. కరెంటు పూటకు నాలుగు గంటలు పోతోంది. అలాంటి రోజుల్లో ఒకావిడ మట్టయ్య దుకాణానికి వచ్చింది. పేరు సూర్యప్రభ. గుడివాడ వైపు మనిషి. పాతికేళ్ల కింద హైదరాబాదు వచ్చి, ఇక్కడే బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి, ఆ ఏడే రిటైరైంది. ఇంటి దగ్గర బొమ్మల క్లాసులు పెట్టుకుంటానంది.

"గేటు మీద నా పేరు రాయాలండీ. ఫ్లెక్సీ నాకు పడదు. చేత్తో రాసిందే కావాలి" అంది.

చేత్తో రాసింది కావాలని ఎవరైనా అడిగి ఎన్నాళ్లయిందో! మట్టయ్య మర్నాడు పొద్దున్నే కుంచెలు సంచిలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఉన్న ఆవిడ ఇంటికి వెళ్లాడు. గంటలో బోర్డు అయిపోయింది. ఆవిడ మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లినప్పుడు వరండా గోడ మీద ఉన్న పటం కంటబడింది.

కరెంటు తీగ మీద కాకి. అంతే. నల్ల రంగు, తెల్ల కాగితం. కానీ ఆ నలుపు కుంచెతో వేసిన నలుపులా లేదు. ఈకల మధ్య తెల్లటి గీతలు వెంట్రుక మందాన ఉన్నాయి. మట్టయ్య ముక్కు పటానికి తగిలేంత దగ్గరికి పోయి చూశాడు.

"గిది ఎన్నో నంబరు కుంచె మేడం?"

"కుంచె కాదండీ. లినోలియం షీటు. ఇదివరకు ఆఫీసుల్లో నేల మీద పరిచేవారే, అది. దాన్ని ఉలితో చెక్కి, రంగు పూసి, కాగితం మీద అచ్చు వేస్తాం."

"చెక్కుడా?" మట్టయ్య మళ్లీ కాకిని చూశాడు. "నేను జర చెయ్యొచ్చా?"

అడిగేశాక ఆయనకే సిగ్గేసింది. యాభై ఒక్కేళ్ల మనిషి, తాను రాసిన బోర్డు కిందే విద్యార్థిగా నిలబడ్డాడు. కానీ సూర్యప్రభ ఏమీ వింతగా చూడలేదు. అరచేయంత షీటు ముక్క, పుల్లంత ఉలి తెచ్చి బల్ల మీద పెట్టి, "మీరే నా మొదటి స్టూడెంటు, కూర్చోండి" అంది.

గేటు పక్క మందారం ఆకు ఒకటి తెంపి ముందు పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పవలసిందంతా చెప్పింది. చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది, చెక్కకుండా వదిలింది నల్లగా పడుతుంది. అచ్చులో కుడి ఎడమ అవుతుంది, అద్దంలో లాగా. ఉలి ముందు రెండో చెయ్యి పెట్టకూడదు. మట్టయ్య అన్నింటికీ తలూపాడు. ఆయన చెవులు ఆవిడ దగ్గరున్నాయి గానీ మనసు అప్పటికే ఉలి మొనలో దూరింది.

మొదటి గాటు పెట్టాడు. ఉలి జారింది. రెండోది పెట్టాడు. అది ఆకు అంచు దాటి, షీటు దాటి, బల్ల మీద గీత గీసింది. ఎల్బీనగర్ చౌరస్తాకు తెలియని సంగతి ఆ వరండాలో జరిగింది. మట్టయ్య చెయ్యి వణికింది.

ముప్ఫయ్యేళ్లు రంగు పెట్టిన చెయ్యి అది. పెట్టడం తెలుసు, తియ్యడం తెలియదు. ఈనెలు చెక్కాడు, తర్వాత ఈనెల మధ్య చెక్కాడు, ఆపైన ఆకు చుట్టూ కూడా చెక్కాడు. నల్లగా మిగలవలసింది ఏదో, పోవలసింది ఏదో కలగాపులగం అయిపోయింది. సూర్యప్రభ రోలరుతో రంగు పూసి, పైన కాగితం పరిచి, చెక్క తెడ్డు వెనక వైపుతో రుద్దమంది. రుద్దాడు. కాగితం ఒక మూల పట్టుకుని మెల్లగా ఎత్తాడు.

ఆకు లేదు. ఎలుక కొరికిన అప్పడం లాంటిది ఏదో ఉంది.

ఎదురుగా గేటు మీద తన బోర్డు మెరిసిపోతోంది. ఇక్కడ చేతిలో ఈ అప్పడం. మట్టయ్యకు చెవులు వేడెక్కాయి. ఈవిడ ఇప్పుడేమంటుందో అని తలెత్తాడు.

సూర్యప్రభ చప్పట్లు కొడుతోంది. "మొదటి అచ్చు! కింద పేరు రాసి తేదీ వేయండి, పారేయకూడదు."

"ఇదెందుకు మేడం, ఖరాబైంది గదా!"

"మొదటిది చెడకపోతే నేను చెప్పేదేముంటుందండీ?"

మట్టయ్య ఆ అప్పడాన్ని ఇంకోసారి చూశాడు. కడుపులో ఎక్కడో చిన్నగా మొదలైంది నవ్వు. గొంతులోకి వచ్చింది. ఆపుకుందామని చూశాడు, ముక్కులోంచి వచ్చేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు. తన పని చూసి తాను నవ్వడం ఆయన జన్మలో అదే మొదలు.

బస్సులు లేవు కాబట్టి సరూర్‌నగర్ చెరువు పక్క నుంచి కర్మన్‌ఘాట్ దాకా నడిచే ఇంటికి వెళ్లాడు. దారంతా నవ్వుకుంటూనే ఉన్నాడు. ఇంట్లోకి వచ్చేసరికి అండాలమ్మ గుమ్మంలోనే ఆపి మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూసింది.

"పొద్దుగాల పొద్దుగాలనే తాగినవా ఏంది?"

"తాగలే అండాలూ. చెడగొట్టిన!"

"ఏం చెడగొట్టినవ్? ఎవరి బోర్డు?"

మట్టయ్య జేబులోంచి కాగితం తీసి, "మొదటి అచ్చు! దీనికే మేడం చప్పట్లు కొట్టింది" అంటూ రెండు చేతులా పట్టుకుని చూపించాడు. అండాలమ్మ అటు చూసింది, ఇటు తిప్పి చూసింది. "దవాఖానకు పోదామా?" అంది.

ఆ తర్వాత పది రోజులూ పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్ ప్రయాణం. కోడిని చెక్కితే బాతు వచ్చింది. బాతును చెక్కితే బూటు వచ్చింది. అండాలమ్మ మొహం చెక్కితే ఎవరో మీసాల పోలీసు వచ్చాడు. దాన్ని ఇంట్లో చూపించలేదు. ఎడమచేతి వేళ్లకు మూడు పట్టీలు పడ్డాయి. అయినా ఆయనకు అన్నం రుచిగా ఉంటోంది, నిద్ర ఒళ్లు తెలియకుండా పడుతోంది. దుకాణంలో చిన్న గీత వంకరపోయినా నలుగురి కళ్లూ అక్కడే ఉంటాయి. ఇక్కడ ఎంత వంకరపోతే మేడం అంత ఉత్సాహంగా, "ఆహా, ఇదెలా వచ్చిందండీ? మళ్లీ చేయండి చూద్దాం" అంటుంది. పదకొండో రోజుకు ఒక కోడి కోడిలాగే పడింది. చెక్కినప్పుడు తూర్పుకు చూసిన కోడి అచ్చులో పడమటికి చూసింది గానీ, కోడి ఎటు చూస్తే ఎవరికేం పట్టింది?

ఆ సాయంత్రమే తిరుపతి దుకాణానికి వచ్చాడు. ఎల్బీనగర్ అడ్డాలో ఆటోలవాళ్లకు అతనే పెద్ద. నల్లగొండ జిల్లాలో మట్టయ్యది, అతనిది పక్క పక్క ఊర్లు.

"మట్టన్నా, పరేషాన్‌ల ఉన్న. రేపు పదింటికి ఆటోల ర్యాలీ. ఇక్కడికెళ్లి దిల్‌సుఖ్‌నగర్ దాంక పోయి రావాలె. అరవై బండ్లు. ఫ్లెక్సీ కొట్టిద్దామంటే కరెంటే లేదంటున్నరు. నువ్వు చేత్తోని రాస్తవా?"

"అరవయ్యా? గింత టైముల ఎట్లయితయి తమ్మీ?" అన్నాడు మట్టయ్య. అంటుండగానే కళ్లు మెరిశాయి. "ఆగాగు. రాసుడెందుకు? ఒక్కటి చెక్కుతా. అరవై అచ్చు కొడతా!"

"చెక్కుడేంది?"

"నీకెందుకు, పొద్దుగాల ఏడున్నరకు మేడం వాళ్లింటికి బండి తీస్కరా."

ప్రాక్టీసుకని సూర్యప్రభ ఇచ్చిన పెద్ద షీటు ఒకటి దుకాణంలో ఉంది. అదొక్కటే. మట్టయ్య కుంచె పట్టినంత ధీమాగా ఉలి పట్టుకున్నాడు. జై తెలంగాణ. బొమ్మలంటే కొత్త గానీ, అక్షరాలంటే ఆయన సొంత ఇల్లు. 'జై' కింద ఐత్వం నెమలి మెడలా వంచాడు. 'ణ' తోక తిప్పిన తీరుకు తానే రెండుసార్లు మురిసిపోయాడు. వెలుతురు తగ్గేలోపు పని అయిపోయింది. ముప్ఫయ్యేళ్లలో ఇంత అందమైన అక్షరాలు తాను రాయలేదనుకున్నాడు.

మర్నాడు ఏడింటికల్లా సూర్యప్రభ గేటు దగ్గరున్నాడు. అక్కడికొచ్చాక కాళ్లు ఆగాయి. ఆమెది ఆంధ్ర. ఈయన చంకలో ఉన్నది జై తెలంగాణ. ఇంట్లోకి ఎట్లా తీసుకుపోవడం?

"మేడం, రంగు, రోలరు జర ఇస్తే బయట్నే కొట్టుకుంట" అన్నాడు, షీటు వెనక్కి దాచుకుని.

ఆవిడ చెయ్యి చాపి షీటు తీసుకుని చూసింది. వెలుతురుకు ఎత్తి ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి చదివింది. 

"చూడండి మట్టయ్య గారూ. రాష్ట్రం విడిపోవడం నాకిష్టం లేదు, మీతో దాచడం ఎందుకు. అది వేరే సంగతి. ఈ 'ణ' మాత్రం అద్భుతంగా చెక్కారండీ" అంది. ఆవిడ పెదవులు బిగబట్టుకుంది. బుగ్గలు ఎందుకో అదురుతున్నాయి. "లోపలికి రండి. ముందు ఒకటి కొట్టి చూడండి."

రంగు పూశారు. కాగితం పరిచారు. తెడ్డుతో రుద్దారు. మట్టయ్య పెళ్లికూతురు మేలిముసుగు తీసినంత నెమ్మదిగా కాగితం ఎత్తాడు.

'ణ' మొదట్లో ఉంది. 'జై' చివర్లో ఉంది. ప్రతి అక్షరం వీపు చూపించి నిలబడింది.

మట్టయ్యకు ఒక క్షణం తన చదువే పోయిందనిపించింది. కాగితాన్ని తలకిందులుగా తిప్పాడు. ఇంకా అన్యాయంగా ఉంది.

ఇక సూర్యప్రభ వల్ల కాలేదు. బల్ల పట్టుకుని నవ్వింది, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "చెప్పానండీ... మొదటి రోజే... అద్దంలో లాగా అని..."

"చెప్పిండ్రు మేడం. విన్న. చెవుల దాంకనే ఒచ్చింది, చేతి దాంక రాలే." మట్టయ్య కుర్చీలో కూలబడ్డాడు. ఆవిడ నవ్వు అంటుకుంటోంది గానీ ఏడుపూ వస్తోంది. ఇంకో పెద్ద షీటు లేదు. ఉన్నా మళ్లీ చెక్కే టైము లేదు. అరవై బండ్లు, పదింటికి ర్యాలీ. మట్టయ్య తప్పు రాశాడంట అనే మాట ఎల్బీనగర్‌లో మొదటిసారి పుట్టబోతోంది.

బయట ఆటో హారను మోగింది. తిరుపతి.

ఎట్లా చెప్పాలో తెలియక మట్టయ్య కాగితం పట్టుకుని గేటు దాటి ఆటో వెనక నిలబడ్డాడు. తిరుపతి సీట్లో కూర్చునే ఉన్నాడు, వెనక్కి తిరగలేదు. పైనున్న అద్దంలోకి చూసి, "అబ్బ! మంచిగున్నది మట్టన్నా!" అన్నాడు.

మట్టయ్యకు ఒళ్లు మండింది. "ఎక్కిరిస్తున్నవా తమ్మీ?"

"ఎక్కిరిచ్చుడేంది? జై తెలంగాణ! ఆ 'ణ' చూడు, ఎట్ల తిరిగిందో!" అంటూ దిగి వచ్చి కాగితాన్ని ఎదురుగా చూశాడు. నోరు తెరిచాడు. మళ్లీ ఆటోలోకి ఎక్కి అద్దంలో చూశాడు. మళ్లీ దిగాడు. మూడోసారి ఎక్కినప్పుడు హ్యాండిలు మీద దబదబా కొట్టి అరిచాడు.

"అన్నా! బండి ముంగట అతికిద్దాం! మన ముందుపొయ్యే బండోడు అద్దంల చూస్తే సీదా కనవడతది. అంబులెన్సు మీద ఉల్టా రాస్తరు సూడు, గట్ల!"

గేటు దగ్గర నిలబడిన సూర్యప్రభ మట్టయ్యను చూసింది. మట్టయ్య సూర్యప్రభను చూశాడు. ఇద్దరూ ఒకేసారి లోపలికి పరుగెత్తారు.

ఆవిడ రోలరుతో రంగు పూసింది. మట్టయ్య తెడ్డుతో రుద్దాడు. తిరుపతి కాగితాలు ఎత్తి డాబా మీద బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేశాడు. తిరుపతి గడ్డానికి రంగు, సూర్యప్రభ ముక్కుకు రంగు. ముప్ఫయ్యో కాగితం దగ్గర తెడ్డు పుటుక్కున విరిగితే ఆవిడ వంటింట్లోంచి పప్పు గరిటె తెచ్చి ఇచ్చింది. గుడివాడ మేడం డాబా మీద తెలంగాణ అరవై సార్లు వెనక్కి తిరిగి గాలికి ఊగుతోంది. పక్కింటాయన పిట్టగోడ మీంచి చూసి, "ఏమ్మా, కన్నడం పాఠాలు కూడా మొదలెట్టారా?" అని అడిగాడు.

పదింటికి ర్యాలీ కదిలింది. మట్టయ్య తిరుపతి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. కాగితాలు ఇంకా పూర్తిగా ఆరలేదు. ముట్టుకున్నవాళ్ల చొక్కాల మీద కూడా సగం తెలంగాణ పడింది. రోడ్డు పక్క జనం నిలబడి చదవబోతున్నారు, తలలు గోక్కుంటున్నారు. కొత్తపేట దగ్గర ఒక పెద్దమనిషి, "ఏందది, ఉర్దూనా?" అన్నాడు. పక్కనే బండి మీద దానిమ్మకాయలు అమ్ముతున్న సాయిబు మెడ సాచి చూసి, "ఉర్దూ తో నహీ హై భాయ్, ఉర్దూ అయితే నాకు రాదా?" అన్నాడు.

ముందు ఒక జీపు పోతోంది. దాని డ్రైవరు అద్దంలోకి చూశాడు. ఒకసారి చూశాడు, రెండోసారి చూశాడు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పిడికిలి ఊపాడు. హారను మీద వరస కట్టి కొట్టాడు. దాని ముందున్న లారీవాడు కూడా అందుకున్నాడు. వెనక అరవై ఆటోలు అదే వరసలో మోత మొదలుపెట్టాయి. ఆ సంగతి నోటి నోటా పాకి, స్కూటర్లవాళ్లు ర్యాలీకి ముందుకు వచ్చి తమ అద్దాలు సవరించుకుని చదివి కేకలు వేస్తున్నారు. ఫుట్‌పాత్ మీద ఇద్దరు ఆడపిల్లలు పర్సులోంచి చిన్న అద్దం తీసి, వీపు తిప్పి నిలబడి చదువుకుని, ఒకరినొకరు పట్టుకుని నవ్వారు.

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో బండ్లు ఆగాయి. గుంపులోంచి ఎవరో గట్టిగా అరిచారు. "ఎవడ్రా భయ్, గిట్ల ఉల్టా కొట్టినోడు?"

ఒక్క నెల కిందటైతే మట్టయ్య సీటు కింద దాక్కునేవాడు. ఇప్పుడు ఆటోలోంచి సగం బయటికి వేలాడుతూ లేచి నిలబడ్డాడు. రంగు చేతులు రెండూ పైకెత్తాడు.

"నేనే! నేనే కొట్టిన! మొన్ననే షురూ చేసిన, ఇంకా నేర్చుకుంటున్న!"

చౌరస్తా మొత్తం ఈలలు వేసింది.

సమ్మె ఇంకా సాగుతూనే ఉంది. మట్టయ్యకు 'ఉల్టా మట్టన్న' అని పేరు పడింది. అలాగే ఉల్టాగా ఇంకో వంద కొట్టమని రెండు సంఘాలవాళ్లు వచ్చారు. "అది ఒచ్చేసింది గదా, ఇంకొకటి నేర్చుకోవాలె" అని ఆయన నవ్వి పంపేశాడు. అక్షరాలు తిరగేసి చెక్కడం రెండు రోజుల్లో పట్టుబడింది. మూడో రోజు సూర్యప్రభ రెండు రంగుల అచ్చు మొదలుపెట్టించింది. ఒక రంగు ఆరాక దాని మీద రెండోది సరిగ్గా కూర్చోబెట్టాలి. కూర్చుంటేనా! ఎర్ర పువ్వు ఒకచోట, దాని పచ్చ తొడిమ జానెడు దూరాన.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అదే చూపించి మట్టయ్య పకపకా నవ్వుతుంటే అండాలమ్మకు ఇక ఓపిక పోయింది. "రేపు నేనూ ఒస్తున్న. ఆడ ఏమున్నదో జూస్త" అంది.

వచ్చింది. వరండాలో చేతులు కట్టుకుని గంటసేపు చూసింది. సూర్యప్రభ టీ ఇస్తే తాగింది. మట్టయ్య నాలుగో పువ్వునూ తొడిమ నుంచి విడగొట్టగానే కొంగు బొడ్లో దోపి ముందుకొచ్చింది.

"లెవ్వు. నేను జూస్త."

"నీకు ఉలి పట్టుడు రాదు అండాలూ..."

"నీకొచ్చా?"

మట్టయ్య లేచి ఉలి ఆమె చేతిలో పెట్టాడు. సూర్యప్రభ కొత్త ముక్క ఇచ్చింది. అండాలమ్మ వంకాయ చెక్కుతానంది. నాలుక బయటపెట్టి, ఒక కన్ను మూసుకుని, కొబ్బరి తురిమినట్టు షీటును తురిమేసింది. తునకలు జుట్టులో పడ్డాయి, టీ గ్లాసులో పడ్డాయి. రంగు పూసి, రుద్ది, కాగితం ఎత్తింది.

ముగ్గురూ వంగి చూశారు. 

"ఇది..." అని మొదలుపెట్టి ఆగింది సూర్యప్రభ.

"మీ అన్న గదా?" అన్నాడు మట్టయ్య భార్యతో మెల్లగా.

అండాలమ్మ కాగితాన్ని దూరం పెట్టి చూసింది. ఆ బుగ్గలు, ఆ బట్టతల, మీద తొడిమలా లేచిన పిలక. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది. మొహానికి నల్లరంగు అంటుకున్న సంగతి కూడా చూసుకోకుండా, కాగితం రెండు చేతులా పైకెత్తి సూర్యప్రభ వైపు తిరిగింది.

"చప్పట్లు గొట్టవేంది మేడం? నాది గుడ మొదటిదే!"